సొంతూరికే వెళ్ళాడు, ఊరికే వెళ్ళాడు

మా బావమరిది విజయవాడ నుంచి వచ్చి మా ఇంట్లో నెల రోజులు ఉన్నాడు. ఒకరోజు అల్మారా సర్దుతుంటే పిల్లల సైజు హాకీ జెర్సీ ఒకటి బయటపడింది. నీలం రంగు, నారింజ అంచు, వీపు మీద పెద్దగా 91. నంబరు పైన పేరుండాల్సిన చోట నల్లటి టేపు అడ్డంగా అంటించి ఉంది, ఏళ్ళ తరబడి మడతలో ఉండిపోయి దాని అంచులు లేచి దుమ్ము పట్టాయి. "ఇదేంటి బావా, పేరు మీద టేపేశారు?" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. కాసేపు విని, "అంటే మీ కెప్టెన్ వేరే టీమ్‌కి వెళ్ళాడు, అంతేగా? ఐపీఎల్‌లో మెగా వేలం వచ్చినప్పుడల్లా సగం మంది మారిపోతారు, ఎవరేడుస్తున్నారు?" అన్నాడు.

తప్పు ప్రశ్నేం కాదు. కానీ ఒక్క ముక్కలో చెప్పే జవాబు నా దగ్గర లేదు. ఆ టేపు వెనక లీగ్ రూల్స్ ఉన్నాయి, డబ్బు లెక్కలున్నాయి, ఒక ఫిబ్రవరి నెల ఉంది, చిన్నపిల్లాడు దుప్పటి కప్పుకుని పడుకున్న ఫొటో ఒకటి ఉంది. అన్నీ కలిసి చిక్కుపడిపోయాయి. వాడికి ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయిందే ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఐస్ హాకీ సంగతి, మన ధన్‌రాజ్ పిళ్ళై ఆడిన హాకీ కాదు. అమెరికా, కెనడా దేశాల జట్లు ఆడే ఎన్‌హెచ్ఎల్ అనే లీగ్. అందులో న్యూయార్క్ ఐలాండర్స్ మా జట్టు. న్యూయార్క్ సిటీ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది మాన్‌హాటన్‌లో ఆడే రేంజర్స్, మేము వాళ్ళ పక్కింటి వాళ్ళం. లాంగ్ ఐలాండ్‌లో ఉండేవాళ్ళం. హిక్స్‌విల్‌లో ఇడ్లీ తిని, పావుగంటలో యూనియన్‌డేల్‌లోని నాసా కొలీసియంకి మ్యాచ్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళం. 1980 నుంచి 1983 దాకా వరసగా నాలుగుసార్లు లీగ్ కప్పు, అంటే స్టాన్లీ కప్, గెలిచిన జట్టు ఇది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. 1993 తర్వాతైతే ప్లేఆఫ్స్‌లో ఒక్క సిరీస్ గెలవడానికి 23 ఏళ్ళు పట్టింది. కొత్త స్టేడియం కట్టరు, ఉన్నది పాతబడిపోయింది, జట్టుని వేరే ఊరికి పంపేస్తారేమోనని ఎప్పుడూ ఒక భయం. 2015లో బ్రూక్లిన్‌లోని బార్‌క్లేస్ సెంటర్‌కి మార్చారు, అది బాస్కెట్‌బాల్ కోసం కట్టింది, కొన్ని సీట్లలో కూర్చుంటే గోల్‌పోస్టే కనపడదు. ఇలాంటి జట్టుకి 2009లో జాన్ టవారెస్ వచ్చాడు.

వచ్చాడు అంటే అతనేం ఎంచుకుని రాలేదు. ఈ లీగ్‌లో పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళని డ్రాఫ్ట్ అనే పద్ధతిలో జట్లు పంచుకుంటాయి, అట్టడుగున ఉన్న జట్లకి ముందు వంతు వచ్చేలా ఒక లాటరీ ఉంటుంది. ఆ ఏడాది మొదటి వంతు మాది. టొరంటో పక్కన ఓక్‌విల్‌లో పెరిగిన కుర్రాడిని మొట్టమొదటి పేరుగా పిలిచారు. తొమ్మిదేళ్ళు మాతో ఆడాడు. 669 మ్యాచ్‌లు, 272 గోల్స్, వేరేవాళ్ళ గోల్స్‌కి అందించినవి కూడా కలిపితే మొత్తం 621 పాయింట్లు. 2013లో కెప్టెన్ అయ్యాడు. మాటకారి కాదు, గొడవలకి పోడు, ప్రాక్టీస్‌కి ముందొచ్చి చివర్లో వెళ్ళే రకం.

2016 ఏప్రిల్ 24 రాత్రి, ప్లేఆఫ్స్‌లో ఫ్లోరిడాతో ఆరో మ్యాచ్, గెలిస్తే సిరీస్ మాదే. నిమిషం కూడా మిగల్లేదు, ఒక గోల్ వెనకబడి ఉన్నాం, టవారెస్ సమం చేశాడు. తర్వాత రెండో ఓవర్‌టైమ్‌లో పక్‌ని, అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళని, తనే గోల్ దగ్గరికి తీసుకెళ్ళాడు, గోల్‌కీపర్ ఆపాడు, వెనక్కి వచ్చిన పక్‌ని గోల్ వెనక నుంచి చుట్టి తిరిగొచ్చి లోపలికి నెట్టాడు. 23 ఏళ్ళ కరువు తీరింది. మావాడికి అప్పుడు ఏడేళ్ళు, నిద్రపోతున్నవాణ్ణి లేపి మరీ రీప్లే చూపించాను. మర్నాడు స్కూలు. మా ఆవిడ తిట్టింది. ఆ వారాంతమే 91 జెర్సీ కొన్నాం, రెండేళ్ళు సరిపోవాలని ఒక సైజు పెద్దది.

ఇక రూల్స్ సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

కొత్త ఆటగాడికి మొదట మూడేళ్ళ కాంట్రాక్టు ఇస్తారు, జీతానికి గట్టి పరిమితి ఉంటుంది. అది అయిపోయాక కూడా అతను పూర్తిగా స్వేచ్ఛాపరుడు కాడు. వేరే జట్టు అతనికి ఆఫర్ ఇవ్వొచ్చు, కానీ అంతే డబ్బు ఇచ్చి సొంత జట్టు ఆపుకోవచ్చు, లేదా వదిలేసి పరిహారంగా అవతలి జట్టు డ్రాఫ్ట్ వంతులు తీసుకోవచ్చు. ఏ దారిలో వెళ్ళినా పాత జట్టు చేతికి ఏదో ఒకటి వస్తుంది. 27 ఏళ్ళు నిండాక గానీ, లేదా ఏడు సీజన్లు ఆడాక గానీ, ఉన్న కాంట్రాక్టు ముగిస్తే మాత్రం సంకెళ్ళు మొత్తం తెగిపోతాయి. జులై 1 మధ్యాహ్నం పన్నెండు గంటలకి అతను ఎవరితోనైనా సంతకం పెట్టొచ్చు. పాత జట్టుకి పైసా రాదు, డ్రాఫ్ట్ వంతు రాదు, ఆటగాడు రాడు. బేస్‌బాల్‌లో ఇలా పెద్ద ఆటగాడు వెళ్ళిపోతే పాత జట్టుకి పరిహారంగా డ్రాఫ్ట్ వంతు దక్కే ఏర్పాటుంది. హాకీలో అదీ లేదు. దీన్నే ఫ్రీ ఏజెన్సీ అంటారు.

మా బావమరిది ఐపీఎల్ పోలిక ఇక్కడే తేలిపోతుంది. ఐపీఎల్‌లో ఎవర్ని అట్టిపెట్టుకోవాలో చాలావరకు ఫ్రాంచైజీయే తేలుస్తుంది, వేలంలోకి వెళ్ళినవాణ్ణి ఎక్కువ పాట పాడినవాళ్ళు పట్టుకెళ్తారు. 2021లో వార్నర్‌ని సన్‌రైజర్స్ పక్కన పెట్టినప్పుడు హైదరాబాద్ అభిమానులకి వార్నర్ మీద కోపం రాలేదు, యాజమాన్యం మీద వచ్చింది. 2016లో కప్పు తెచ్చినవాణ్ణి ఇలాగేనా పంపేది అని గుండె మండింది. ఫ్రీ ఏజెన్సీలో ఇది తిరగబడుతుంది. ఇక్కడ పక్కన పెట్టేది ఆటగాడు, పక్కన పడేది మనం. తొమ్మిదేళ్ళు చూసి, తూచి, వేరేవాళ్ళు బాగున్నారని అతను చెప్పినట్టు ఉంటుంది. అతను ఆ మాట అనకపోయినా మనకి అలాగే వినపడుతుంది.

పోనీ ఎక్కువ డబ్బిచ్చి ఆపుకోవచ్చుగా అంటారు. అక్కడ సాలరీ క్యాప్ అడ్డం వస్తుంది. 2004-05లో జీతాల గొడవతో లీగ్ ఒక సీజన్ మొత్తం ఆడనేలేదు, ఆ గొడవ తీరాక వచ్చిందే ఈ క్యాప్. జట్టులో అందరి జీతాలూ కలిపి ఇంతకు మించకూడదు. 2018-19కి ఆ గీత 7 కోట్ల 95 లక్షల డాలర్లు. యజమాని ఎంత కోటీశ్వరుడైనా ఆ గీత దాటలేడు, ఒక్క ఆటగాడికి అందులో ఐదో వంతు కంటే ఎక్కువ ఇవ్వలేడు. అంటే ఒక దశ దాటాక డబ్బుతో పోటీ అయిపోతుంది, మిగతావి మాట్లాడతాయి. ఏ ఊరు, ఏ స్టేడియం, పక్కన ఆడేది ఎవరు, కప్పు వస్తుందా రాదా. సొంత జట్టుకి అప్పటి రూల్ ప్రకారం ఉన్న ఒకే ఒక్క మొగ్గు ఏంటంటే ఎనిమిదేళ్ళ కాంట్రాక్టు ఇవ్వొచ్చు, బయటివాళ్ళు ఏడేళ్ళే ఇవ్వాలి. ఆ ఒక్క ఏడాది మీద మేము ఎన్ని ఆశలు పెట్టుకున్నామో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. నా మట్టుకు నాకు గాయమైంది జులై 1న కాదు, ఫిబ్రవరి 26న.

మామూలుగా ప్రతి ఏడాదీ ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో ట్రేడ్ డెడ్‌లైన్ ఉంటుంది. ఆ తర్వాత ఆటగాణ్ణి మార్పిడి చేసుకుంటే ఆ సీజన్ ప్లేఆఫ్స్‌లో ఆడటానికి కుదరదు, కాబట్టి కాంట్రాక్టు అయిపోవస్తున్నవాళ్ళని అమ్ముకోవడానికి అదే ఆఖరి మంచి రోజు. 2018 ఫిబ్రవరి 26న మా జట్టు టవారెస్‌ని అలాగే ఉంచుకుంది. కొత్త కాంట్రాక్టు మీద సంతకం లేదు. అతనికి ఇక్కడంటే ఇష్టమని అందరూ అన్నారు, అతనూ చాలాసార్లు అలాగే మాట్లాడాడు. రెండు నెలల ముందే, డిసెంబర్‌లో, బెల్మాంట్ పార్క్ దగ్గర కొత్త స్టేడియం కట్టుకునే అవకాశం జట్టుకి దక్కింది. ఇల్లు కట్టబోతున్నాం, ఇప్పుడు కెప్టెన్ని అమ్మేస్తే గృహప్రవేశానికి ఎవరుంటారు, అని యాజమాన్యం అనుకుని ఉంటుంది. ప్లేఆఫ్స్ ఆశ కూడా ఇంకా పూర్తిగా చావలేదు. నేనూ అప్పుడు అలాగే అనుకున్నాను, అమ్మొద్దనే అనుకున్నాను. అది దాచను.

కానీ అదే వారం పక్కింట్లో ఏం జరిగిందో చూడండి. రేంజర్స్ యాజమాన్యం ఫిబ్రవరి మొదట్లోనే అభిమానులకి ఉత్తరం రాసింది. జట్టుని మళ్ళీ మొదటి నుంచి కడుతున్నాం, మీకు ఇష్టమైన ముఖాలు కొన్ని కనపడకుండా పోతాయి అని ముందే చెప్పింది. తర్వాత 33 ఏళ్ళ రిక్ నాష్‌ని బోస్టన్‌కి ఇచ్చి బదులుగా మొదటి రౌండు డ్రాఫ్ట్ వంతు, ఇంకొందరు ఆటగాళ్ళు, వాళ్ళతో పాటు రయన్ లిండ్‌గ్రెన్ అనే కుర్ర డిఫెన్స్ ఆటగాణ్ణి తెచ్చుకుంది. నాష్ ఆ సీజన్ తర్వాత మళ్ళీ ఆడనేలేదు. లిండ్‌గ్రెన్ రేంజర్స్‌కి ఏళ్ళ తరబడి వెన్నుదన్నుగా ఆడాడు. 33 ఏళ్ళ నాష్‌కే అంత వస్తే, 27 ఏళ్ళ టవారెస్‌కి ఎంత వచ్చేదో ఊహించుకోండి. పోయేవాడు పోతాడు, పోతాడని ముందే చెబితే అభిమాని ఏడ్చి ఊరుకుంటాడు. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మాకు ఆశే మిగిల్చారు, నాలుగు నెలలు ఆ ఆశ మీదే బతికాం.

ఇంకో మాట. 2011లో టవారెస్ సంతకం పెట్టిన కాంట్రాక్టు ఆరేళ్ళకి 3 కోట్ల 30 లక్షల డాలర్లు, ఏడాదికి 55 లక్షలు. అంత ఆటగాడికి అది చాలా తక్కువ. క్యాప్ ఉన్న లీగ్‌లో తక్కువ జీతానికి గొప్ప ఆటగాడు ఉన్నాడంటే మిగిలిన డబ్బుతో చుట్టూ మంచి జట్టు కట్టుకోవాలి. ఆ ఆరేళ్ళూ మాకు దొరికిన వరం. ఏం చేశాం దానితో? తొమ్మిది సీజన్లలో మూడుసార్లు ప్లేఆఫ్స్, గెలిచింది ఒకే ఒక్క సిరీస్. ఆఖరి సీజన్‌లో మా మీద పడిన గోల్స్ 296, లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ. అతను వెళ్ళాడని తిట్టే ముందు ఈ లెక్క చూసుకోవాలి, నేను చూసుకోవడానికి ఏడాది పట్టింది.

ఆ వేసవిలో అన్నీ గబగబా మారాయి. లూ లామొరెల్లో ప్రెసిడెంట్‌గా వచ్చాడు, జూన్‌లో మేనేజర్ గార్త్ స్నో, కోచ్ డగ్ వెయిట్ ఇద్దరినీ తీసేశాడు, అప్పుడే వాషింగ్టన్‌కి కప్పు గెలిపించిన బ్యారీ ట్రాట్జ్‌ని కోచ్‌గా పట్టుకొచ్చాడు. ఇంత చేశాక ఎందుకు వెళ్తాడులే అనుకున్నాం. జులై 1కి ముందు కొన్ని రోజులు జట్లు వచ్చి మాట్లాడుకోవచ్చని అప్పుడు రూల్ ఉండేది. లాస్ ఏంజెలెస్‌లో తన ఏజెంట్ల ఆఫీసులో టవారెస్ ఆరు జట్లతో కూర్చున్నాడు, మేము, టొరంటో, బోస్టన్, టాంపా, డాలస్, శాన్ హోసే. పెళ్ళిచూపుల్లా వరసగా. శాన్ హోసే అందరికంటే ఎక్కువ ఇస్తానందని వార్తలొచ్చాయి. ఆ వారం రోజులూ నేను ఆఫీసులో ఏం పని చేశానో నాకు గుర్తులేదు.

జులై 1 ఆదివారం. ఎండ మండిపోతోంది. వంటింట్లో మామిడికాయ పప్పు ఉడుకుతోంది, నేను గట్టు మీద ఫోన్ పెట్టుకుని నిలబడ్డాను, మావాడు బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు. పన్నెండు దాటాక వచ్చింది. టొరంటో, ఏడేళ్ళు, 7 కోట్ల 70 లక్షల డాలర్లు. నేను చదివాను, రెండోసారి చదివాను, వాడికి చెప్పలేకపోయాను. వాడే నా ముఖం చూసి "టొరంటోనా?" అన్నాడు. కాసేపాగి, "నా జెర్సీ ఇంక వేసుకోకూడదా నాన్నా?" అని అడిగాడు. తొమ్మిదేళ్ళవాడు. ఫ్రీ ఏజెన్సీ అంటే ఏంటో వాడికి నేను చెప్పలేదు, ఆ ప్రశ్నతో వాడే నాకు చెప్పాడు.

ఇంతలో ఫొటో వచ్చింది. టవారెస్ తనే పెట్టాడు, చిన్నప్పుడు టొరంటో మేపుల్ లీఫ్స్ బొమ్మలున్న దుప్పట్లో నిద్రపోతున్న ఫొటో, చిన్ననాటి కల నెరవేరడం రోజూ జరిగేది కాదు అనే అర్థం వచ్చే మాటతో. అతనికి అది సంతోషం, అందులో మా మీద ఏ తలంపూ లేదని ఇప్పుడు తెలుసు. కానీ ఆ మధ్యాహ్నం మాకు తగిలిన దెబ్బల్లో అన్నిటికంటే లోతుగా దిగింది అదే. తొమ్మిదేళ్ళు మా పిల్లలు ఇతని బొమ్మున్న దుప్పట్లో పడుకున్నారు, ఇతను మాత్రం మనసులో వేరే దుప్పట్లో పడుకున్నాడా అనిపించింది. సొంతూరికి వెళ్ళాడు, సరే, ఎవరికైనా ఉంటుంది ఆ కోరిక, గుంటూరు వాడికి గుంటూరులో ఉద్యోగమొస్తే వెళ్ళడా. మాకు మాత్రం ఊరికే పోయినట్టయింది, చేతిలో ఏమీ లేకుండా.

కాంట్రాక్టు లోపల చూస్తే ఇంకో చిక్కుంది. సగటు లెక్కకి ఏడాదికి కోటీ 10 లక్షల డాలర్లు, కానీ మొదటి ఏడాది వచ్చిన కోటీ 59 లక్షల్లో జీతం కేవలం 6 లక్షల 50 వేలు, మిగతా కోటీ 52 లక్షల 50 వేలు సైనింగ్ బోనస్‌గా, అంటే సంతకం పెట్టినందుకిచ్చే డబ్బుగా వచ్చింది. ఎందుకలా అంటే, మళ్ళీ లీగ్ మూతపడి ఆటలు ఆగిపోయినా బోనస్ ఆగదు, మధ్యలో తీసేసినా పోదు. డబ్బున్న జట్టు మాత్రమే ఒకేసారి అంత నగదు పెట్టగలదు, క్యాప్ అందరికీ ఒకటే అయినా ఇలాంటి చోట పెద్ద జట్టు పెద్ద జట్టే. పన్ను కోణం కూడా ఉంది. సంతకం పెట్టిన రోజుకి అతను న్యూయార్క్ నివాసి, కాబట్టి రెండు దేశాల ఒప్పందం ప్రకారం బోనస్ మీద కెనడాలో 15 శాతం పన్నే పడుతుందని అతని వాదన. అది బోనస్ కాదు జీతమే అని కెనడా పన్నుల శాఖ అంటోంది, వడ్డీతో కలిపి సుమారు 80 లక్షల కెనడా డాలర్లు అదనంగా కట్టమంది, ఆ మీదట టవారెస్ పన్నుల కోర్టుకెక్కాడు. అందుకని కల కోసమే వెళ్ళాడనీ, డబ్బు కోసమే వెళ్ళాడనీ ఒక్క మాటలో తేల్చేవాళ్ళని నేను నమ్మను. ఎక్కువ డబ్బు ఇస్తామన్న చోటికి వెళ్ళలేదు, వెళ్ళిన చోట డబ్బు లెక్క పక్కాగా చూసుకున్నాడు. మనమూ ఉద్యోగం మారేటప్పుడు ఈ రెండూ కలిపే చూస్తాం.

2019 ఫిబ్రవరి 28న అతను మొదటిసారి కొలీసియంకి వచ్చాడు, అవతలి జట్టు జెర్సీలో. అప్పటికి మా మ్యాచ్‌లు కొన్ని మళ్ళీ అక్కడే జరుగుతున్నాయి. నేనూ మావాడూ వెళ్ళాం, పై వరసల్లో టికెట్లు. బయల్దేరే ముందు వాడు తన హాకీ కర్రకి చుట్టుకునే నల్ల టేపు తెచ్చుకుని, జెర్సీ నేల మీద పరిచి, పేరు మీద తనే అంటించాడు, ఒక్కో అక్షరం కనపడకుండా గోటితో నొక్కుతూ. నేను వద్దనలేదు. లోపల అలాంటి టేపు జెర్సీలు బోలెడు. వార్మప్ దగ్గర ఎవరో ప్లాస్టిక్ పామును మంచు మీదికి విసిరారు. అతను పక్ ముట్టుకున్నప్పుడల్లా పద్నాలుగు వేల లోపు జనం పెట్టే బొబ్బలకి కుర్చీలు అదిరాయి. "మాకు నువ్వక్కర్లేదు" అని నినాదాలు. బూతులు కూడా, పిల్లలుండగా. గౌరవంగా అతని పాత ఆటల వీడియో వేశారు, అది కూడా అరుపుల్లో మునిగిపోయింది. మావాడు మాత్రం అలవాటుగా రెండు చప్పట్లు కొట్టి, చుట్టూ చూసి, చేతులు ఒళ్ళో పెట్టేసుకున్నాడు. 6-1తో గెలిచాం. ఇంటికొచ్చేదాకా కార్లో వాడేం మాట్లాడలేదు.

ఆ అరుపులు అసహ్యం వల్ల వచ్చాయని బయటివాళ్ళు రాశారు. అక్కడ కూర్చున్నవాణ్ణిగా చెప్తున్నా, ఇష్టంలేనివాణ్ణి చూసి ఎవరూ గొంతు పోయేలా మూడు గంటలు అరవరు. కొందరు ఆ రాత్రి హద్దు దాటారు, అది తప్పే. కానీ జులై 1న వీడ్కోలు చెప్పే వీలు మాకు దొరకలేదు, ఆఖరి మ్యాచ్ ఆఖరిదని మాకెవరూ చెప్పలేదు, పోయినవాళ్ళకి కర్మ చేయకుండా ఉండిపోయినట్టు ఎనిమిది నెలలు లోపల ఏదో ఉండిపోయింది. ఆ రాత్రి అది బయటికొచ్చింది.

వింతేంటంటే ఆ ఏడాది మేము బాగుపడ్డాం. ట్రాట్జ్ డిఫెన్స్ అంతా తిరగరాశాడు. ముందు ఏడాది 296 గోల్స్ ఇచ్చిన జట్టు ఈసారి 196 ఇచ్చింది, సరిగ్గా వంద తక్కువ, లీగ్‌లో అందరికంటే తక్కువ. లీగ్ పట్టికలో 103 పాయింట్లు తెచ్చుకుంది, టొరంటోకి వచ్చింది 100. మొదటి రౌండ్‌లో పిట్స్‌బర్గ్‌ని నాలుగుకి నాలుగు ఓడించాం. 2020లో, 2021లో కప్పు ఫైనల్‌కి ఒక్క మెట్టు దూరం దాకా వెళ్ళాం, రెండుసార్లూ టాంపా ఆపింది, రెండోసారి ఏడో మ్యాచ్‌లో 1-0తో. అటు టవారెస్ టొరంటోలో మొదటి ఏడాదే 47 గోల్స్ కొట్టాడు, అతని జీవితంలో అంతకు ముందెప్పుడూ అన్ని కొట్టలేదు. కానీ జట్టు ప్లేఆఫ్స్‌లో 2023 దాకా ఒక్క సిరీస్ గెలవలేదు. ఆ 2023 సిరీస్‌ని గెలిపించిన ఓవర్‌టైమ్ గోల్ ఎవరిదో తెలుసా, టవారెస్‌దే. టీవీలో చూస్తూ నేను గబుక్కున లేచి నిలబడ్డాను, ఎందుకు లేచానో నాకే తెలియలేదు.

అంటే స్టార్ పోతే జట్టు బాగుపడుతుందనా? కాదు. ఒకడికి క్యాప్‌లో పెద్ద వాటా ఇచ్చాక మిగతా డబ్బు ఎలా పంచుకుంటావన్నది మొత్తం ఆటని తేలుస్తుంది. టొరంటో ఒక దశలో నలుగురు ఆటగాళ్ళకే క్యాప్‌లో సగం పెట్టింది, ఆపైన కోవిడ్ వచ్చి ఆ గీత పెరగకుండా 8 కోట్ల 15 లక్షల దగ్గర మూడు సీజన్లు ఆగిపోయింది. డిఫెన్స్‌కి డబ్బు మిగల్లేదు. మా అదృష్టం మంచి కోచ్ దొరకడం. ప్రతిసారీ దొరకడు.

వేరే ఊళ్ళ కథలు చూస్తే మా బాధ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. కొలంబస్ 2019లో అంతా తెలిసే తెగించింది, పనారిన్, బొబ్రోవ్‌స్కీ ఇద్దరి కాంట్రాక్టులూ అయిపోతున్నాయని తెలిసీ అమ్మలేదు, పైగా డుషేన్‌ని కూడా తెచ్చుకుంది, 62 మ్యాచ్‌లు గెలిచిన టాంపాని మొదటి రౌండ్‌లో ఊడ్చేసింది, జులైలో ముగ్గురూ వెళ్ళిపోయారు. అక్కడి అభిమానికి కనీసం ఆ వారం మిగిలింది. మాకు అలాంటి వారం లేదు. 2022లో కాల్గరీకి మాకు జరిగిందే జరిగింది, 115 పాయింట్లు కొట్టిన జానీ గోద్రో జులైలో కొలంబస్‌కి వెళ్ళిపోయాడు, చేతికి ఏమీ రాలేదు. అదే జట్టులో మాథ్యూ కచుక్ ఇంకా పూర్తి స్వేచ్ఛ రాని దశలో ఉన్నాడు, ఎక్కువ కాలం ఉండనని చెప్పాడు, అతన్ని ఫ్లోరిడాకి ఇచ్చి హ్యూబర్డో, వీగర్ ఇద్దరిని తెచ్చుకున్నారు. ఒకే వేసవి, ఒకే జట్టు. ఒకడు ముందే చెప్పాడు, ఒకడు గడువు తీరబోతుండగా చెప్పాడు, అంతే తేడా.

గోద్రో కాల్గరీకి తిరిగొచ్చిన రాత్రి అక్కడా బొబ్బలు పెట్టారు. 2024 ఆగస్టులో అతన్నీ అతని తమ్ముడు మాథ్యూనీ సైకిల్ మీద వెళ్తుంటే కారు గుద్ది చంపేసింది. కాల్గరీ స్టేడియం మెట్ల మీద పూలు, జెర్సీలు గుట్టలుగా పడ్డాయి. అంతకు ముందు ఏడాది బొబ్బలు పెట్టినవాళ్ళు కూడా ఆ పూలు పెట్టినవాళ్ళలో ఉండే ఉంటారు. వాళ్ళు మారిపోలేదు, అప్పుడూ ఇప్పుడూ వాళ్ళు అతని మనుషులే.

టాంపాలో ఇంకోలా జరిగింది. స్టామ్‌కోస్ 2024లో నాష్‌విల్‌కి వెళ్ళాడు, అదీ ఫ్రీ ఏజెన్సీయే, అదీ కెప్టెనే, అదీ మొదటి డ్రాఫ్ట్ పేరే. తిరిగొచ్చిన రాత్రి స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎందుకంటే రెండు కప్పులు చేతిలో పెట్టి వెళ్ళాడు, పైగా అతను ఉండాలనుకున్నాడని, యాజమాన్యమే అడిగినంత ఇవ్వలేదని అందరికీ తెలుసు. రూల్ ఒకటే, తారీఖు ఒకటే. అభిమాని మనసు ఎటు తిరుగుతుందన్నది తలుపు ఎవరు తీశారన్న దాని మీద ఉంటుంది.

2025 వేసవిలో టొరంటో వంతు వచ్చింది. ఆ ఊరి పక్కన పెరిగిన మిచ్ మార్నర్ లాస్ వేగాస్‌కి వెళ్ళాడు. అతని కాంట్రాక్టు తీరబోయే గంటల్లో ఎనిమిదో ఏడాది రూల్‌ని వాడుకుని, ముందు టొరంటోతోనే సంతకం పెట్టించి అప్పుడు పంపారు, బదులుగా నికొలస్ రువా అనే ఆటగాడొచ్చాడు. మార్నర్‌కి రువా సాటి కాడు, అయినా సున్నా కాదు. మాకు 2018లో ఆ మాత్రం కూడా రాలేదు. టొరంటో స్నేహితుడొకడు ఆ రాత్రి ఫోన్ చేశాడు, ఏడేళ్ళ క్రితం ఇదే రోజుల్లో నన్ను ఆటపట్టించినవాడు. నేనేం అనలేదు. నాకు వాడి వంటిల్లు కనపడింది.

అంతకు కొన్ని రోజుల ముందు, జూన్ 27న, టవారెస్ టొరంటోతోనే ఇంకో నాలుగేళ్ళకి సంతకం పెట్టాడు. ముందు సీజన్‌లో 38 గోల్స్ కొట్టాడు, బయటికొస్తే చాలా ఎక్కువే ఇచ్చేవాళ్ళు. అయినా ఏడాదికి సుమారు 44 లక్షల డాలర్లకి ఒప్పుకున్నాడు, పాతదాంట్లో సగం కూడా కాదు. మా వాడికి ఇప్పుడు పదహారేళ్ళు, 91 జెర్సీలో వాడి చెయ్యి కూడా పట్టదు. బావమరిది ఆ టేపు గోకుతూ తీసేద్దామా అని అడిగితే, వాడు గదిలోంచి తల బయటపెట్టి, "అక్కడైతే తగ్గించుకున్నాడు మామయ్యా" అన్నాడు.